జరిగిన హద్దురాయి

నేను గని సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. గోదావరి ఒడ్డున నా చేను పక్కనే నేను అక్కా అని పిలిచే ఒకామె చేను ఉంది. ప్రభుత్వం కడుతున్న వరద గోడ అక్కడిదాకా రావాలంటే ఒడ్డు కోసుకుపోతోందని పర్యావరణ నివేదికలో రుజువు కావాలి. కోత లేనిచోట నది ఒడ్డును కదిలించకూడదని నియమం.

నివేదికలో అక్కడ కోత లేదని వచ్చింది. హద్దురాయి నుంచి ఒడ్డుకు పాత రికార్డులో ఉన్నంత దూరమే ఉందట. నేను నమ్మలేదు. ప్రతి వరద తర్వాతా అక్క బావి నుంచి ఒడ్డుకు కొలిచి డైరీలో రాసుకునేవాణ్ణి. ఆ దూరం ఏటేటా తగ్గింది. నివేదిక ఇచ్చిన ఇంజనీరు ఆఫీసులో కూర్చునే రాసి ఉంటాడనుకున్నాను.

ఆయన్ను పిలిపించి నా కళ్ల ముందే కొలిపించాను. నివేదికలో ఉన్నంతే వచ్చింది. అప్పుడు రాయి మొదట్లో మెత్తటి కొత్త మట్టి కనిపించింది.

"అక్కా, ఈ రాయి జరిపినవా?"

"జరపకుంటె ఎట్ల తమ్మీ? ఒడ్డు కూలినప్పుడల్ల గింత ఇటు పాతిచ్చిన. రాయి గంగల వోతె చేను నాదని ఎవలు నమ్ముతరు?"

"నన్ను దొంగను చేస్తిరి గద సార్!" అని ఇంజనీరు నవ్వాడు.

అక్క నవ్వలేదు. "అంటె గోడను నేనే ఆపుకున్ననా?"

"బావినైతే జరపలే గదక్కా" అని డైరీలు ఇంజనీరు చేతికిచ్చాను. ఆయన చదివి, బావి గట్టు దగ్గరికి నడిచి, టేపు కొస నాకందించాడు. మొదటి అంగుళం తెగిపోలేదు కదా అని చూసుకున్నాకే పట్టుకున్నాను.