నలభైకి ఒక గజం తక్కువ

నార్బర్ట్ గవ్రోన్‌స్కీ కొట్టిన తెల్లగీత ఎంత తిన్నగా ఉంటుందంటే, ఓ అక్టోబరులో సరస్సు మీంచి వస్తున్న అడవి బాతుల గుంపు ఆ గీత చూసి సిగ్గుపడి, వెనక్కి తిరిగి, వరస సరిచేసుకుని మళ్లీ వచ్చింది. నమ్మకపోతే బాతుల్నే అడగొచ్చు, ఏటా అదే దారిన వస్తాయి.

ముప్ఫై ఒక్కేళ్లుగా ఈరీ సరస్సు ఒడ్డున ఆ చిన్న కాలేజీ మైదానం నార్బ్ చేతిలో ఉంది. గడ్డి కోయడం, గీతలు కొట్టడం, చలికాలం మంచు గీకడం. అది కడుపు కోసం. ఊళ్లో ఆయన పేరు నిలబెట్టింది వేరే విద్య.

ఏటా ఏప్రిల్ చివర్లో డ్రాఫ్ట్ జరిగే మూడు రోజులూ వాండా నడిపే బార్లో ఎవరికీ తిండి మీద ధ్యాస ఉండదు. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్‌లో, దేశంలోని జట్లన్నీ వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లని ఏరుకుంటాయి, ఏడు విడతలు. ఆఖరి పేరు చదివిన మరు నిమిషం నుంచి, ఎవరూ ఏరుకోని కుర్రాళ్లకి, వచ్చి ఆడి చూపించమని ఫోన్లు మోగుతాయి. ఏరుకున్నవాళ్లకి మార్కులు వెయ్యడం ఎవడికైనా వచ్చు, పత్రికల్లో చూసి వేసెయ్యొచ్చు. మిగిలిపోయినవాళ్లలో ఆగస్టులో జట్టుని తగ్గించే కోతలు దాటుకుని యాభై మూడు మంది జట్టులో నిలిచేదెవడో చెప్పడం, అదీ నార్బ్ విద్య. ఒక ఏడాది టీవీలో ఓ కుర్రాడి మోకాళ్లు మాత్రమే కనిపించాయి, మొహం కనబడలేదు. మోకాళ్లు చూసి చెప్పాడు. ఆ మోకాళ్లు ఆరేళ్లు ఆడాయి.

బార్లో ఒక కట్టడి ఉంది. గ్లాసు కింద పెట్టే అట్టముక్క మీద కుర్రాడి పేరు, మార్కు రాసి సంతకం పెట్టాలి. వాండా దాన్ని గోడకి మేకు కొడుతుంది. మేకు దిగాక మాట మార్చడం లేదు. ఆగస్టు చివరి మంగళవారం, కోతల రోజున, దించి అందరి ముందూ చదువుతారు. మాట తప్పినవాడు టీవీకి ఎదురుగా ఉన్న ఎత్తు స్టూలు వదులుకోవాలి. తొమ్మిదేళ్లుగా ఆ స్టూలు నార్బ్ కిందే ఉంది. దాని తోలుకి ఆయన ఆకారం వచ్చేసింది. ఇంకెవరైనా కూర్చుంటే జారి కింద పడతారు.

ఆ స్టూలు మీద కన్నేసినవాడు ఎమెట్ లుండ్‌క్విస్ట్, రిటైరైన పోస్ట్‌మన్. ఏడాదికి మూడు పత్రికలు కొంటాడు, నాలుగు రంగుల పెన్నులతో గీతలు గీస్తాడు, ఆట వీడియోలు నెమ్మదిగా తిప్పి తిప్పి చూస్తాడు.

ఆ ఏడు సంగతి వేరుగా ఉంది. మిగిలిపోయినవాళ్లలో మా ఊరి కాలేజీ కుర్రాడే ఉన్నాడు, టేవియన్ రస్క్. ఎదుటి జట్టులో బంతి అందుకునేవాడి వెంటపడి అడ్డుకోవడం అతని పని. మార్చిలో జట్ల మనుషులు మెడలో స్టాప్‌వాచీలు వేసుకుని వచ్చి కుర్రాళ్లని పరిగెత్తించి చూస్తారు కదా, ఆ రోజు నలభై గజాలు నాలుగు పాయింట్ మూడు ఆరు సెకన్లలో పరిగెత్తాడు. పదకొండు స్టాప్‌వాచీలు ఒకే మాట చెప్పాయి. డ్రాఫ్ట్ అయిన అరగంటకి మా జట్టే ఫోన్ చేసింది. మా జట్టంటే ఊరంతా ఆదివారం నాడు ఎవరి కోసం గొంతు చించుకుంటుందో ఆ జట్టు.

నార్బ్ అట్ట మీద రాశాడు: "టేవియన్ రస్క్. ఎ ప్లస్. యాభై మూడులో ఉంటాడు."

ఎమెట్ రాశాడు: "సి మైనస్. ఉండడు."

"సొంత ఊరి కుర్రాడికి సి మైనసా?" అంది వాండా, మేకు పళ్ల మధ్య పెట్టుకుని.

"నేను ఊరికి మార్కులు వెయ్యట్లేదు, కాళ్లకి వేస్తున్నాను," అన్నాడు ఎమెట్. "వాడి పద్నాలుగు ఆటలూ చూశాను. వీడియోలో వాడు అంత జోరుగా లేడు. ఆ టైము మీద నాకు నమ్మకం లేదు."

"పదకొండు మంది చేతుల్లో వాచీలు తప్పు, నీ కళ్లజోడు ఒప్పు," అన్నాడు నార్బ్. "నలభై ఏళ్లు ఉత్తరాలు పక్కింట్లో వేసినవాడివి నువ్వు."

"రెండుసార్లే వేశాను."

"రెండుసార్లూ మాదే."

బార్ అంతా నవ్వింది. మేకు దిగింది.

మే పదహారున, స్కూలు పిల్లల పరుగు పందేలకి గుర్తులు పెట్టడానికి నార్బ్ తన పాత టేపు పట్టుకుని పరుగుబాట మీదికి వెళ్లాడు. ఆ టేపుకి మొదటి మూడడుగులు లేవు. ఎనిమిదేళ్ల కిందట గడ్డి కోసే యంత్రం నమిలేసింది. కొత్తది కొనమని కాలేజీవాళ్లు డబ్బులిచ్చినా కొనలేదు. తెగిన చివర మొదట్లో పెట్టి, అటు చివర మూడడుగులు కలుపుకోవడం ఆయనకి అలవాటు. నలభై గజాలంటే నూట ఇరవై అడుగులు. ఆయన నూట ఇరవై మూడు దగ్గర గీత కొట్టేవాడు. చెయ్యి దానంతటదే అక్కడికి పోయేది.

మార్చిలో మైదానం మీద మంచు ఉండటంతో నలభై గజాలూ ఈ పరుగుబాట మీదే కొలిచాడు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. ఊరికే, సరదాకి, వాటి మీద టేపు పరిచాడు. నూట ఇరవై మూడు పడ్డ చోట గీత లేదు. గీత ఒక గజం ఇవతల, సరిగ్గా నూట ఇరవై మీద ఉంది.

నార్బ్ టేపు చుట్టేశాడు. మళ్లీ పరిచాడు. టేపు మాట మార్చలేదు.

ఆ కుర్రాడు పరిగెత్తింది ముప్ఫై తొమ్మిది గజాలు. ఆ జోరు మీద ఒక గజమంటే సెకనులో పదో వంతు. ఆ పదో వంతుకే ఫోన్ మోగేదీ మోగనిదీ. ఎమెట్ కళ్లజోడు చెప్పింది నిజం. ప్రపంచంలో ఆ సంగతి తెలిసినవాడు నార్బ్ ఒక్కడే.

అటూ ఇటూ చూసి, ఇనుప బ్రష్ తెచ్చి, ఆ గీతని గీకి పారేశాడు.

అప్పట్నుంచి ఆయన కాళ్లు ఒకచోట నిలవలేదు. కోసిన గడ్డినే మళ్లీ కోశాడు, మూడోసారీ కోశాడు. జూన్ నెలాఖరుకి ఆ మైదానం ఎంత నున్నగా అయిందంటే ఒక చీమ జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. జట్టుకి ఫోన్ చేద్దామని నంబరు రాసుకుని, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ప్యాంటుతోపాటు ఉతికించేశాడు. చెప్తే కుర్రాడి కూడు పోతుందేమో. చెప్పకపోతే తను స్టూలు మీద కూర్చున్నది అబద్ధం మీద కూర్చున్నట్టు. శుక్రవారం బార్లో చేపలు వేయించిన రోజు కూడా పళ్లెం ముందు పెట్టుకుని మోకాలు ఊపుతూ కూర్చున్నాడు.

"నీ మోకాలితో నా గ్లాసులు గలగలమంటున్నాయి," అంది వాండా.

"భయం పట్టుకుంది," అన్నాడు ఎమెట్ పక్కనుంచి. "ఆ స్టూలు కొలతలు తీసుకోనా నార్బీ, దిండు కుట్టించుకోవాలి."

కొలతలు అనే మాటకి నార్బ్‌కి చేప ముల్లు గొంతులో అడ్డుపడింది.

ఇంట్లో భార్య జెనీవ్ ఊరుకోలేదు. "ఏమిటి నీ బాధ? పొద్దున కాఫీ పట్టుకుని ఇంటిచుట్టూ తిరిగావు. కాఫీ ఎదురింటివాళ్ల పూలకుండీలో పోశావు."

"ఆలోచిస్తున్నాను."

"నలభై ఏళ్లలో ఇలాంటి ఆలోచన చూడలేదు," అంది.

జూలై పన్నెండున, పొద్దున తొమ్మిది గంటలకి, టేవియన్ రస్క్ మైదానానికి వచ్చాడు. జట్టు అసలు శిక్షణ మొదలవడానికి ఇంకా పదిరోజులుంది. మనిషి సగమయ్యాడు. ఎడమ తొడకి కట్టు ఉంది.

"మిస్టర్ నార్బ్, కాస్త ఖాళీ ఉందా మీకు?"

"గడ్డి కోసేవాడికి ఖాళీ ఏంటయ్యా. ఏమిటిలా అయిపోయావు?"

"జట్టు దగ్గర, మేలో కొత్తవాళ్ల శిబిరంలో, మూడుసార్లు పరిగెత్తించారు. నాలుగు నలభై ఏడు, మళ్లీ నలభై ఏడు, తర్వాత నలభై ఎనిమిది. ఇక్కడ నాలుగు ముప్ఫై ఆరు పరిగెత్తినవాణ్ణి." గొంతు తగ్గించాడు. "నా కాళ్లలోంచి ఏదో పోయింది. రోజుకి ముప్ఫైసార్లు పరిగెత్తుతున్నాను. తేలికవుదామని తిండి తగ్గించాను. తొడ వెనక నరం పట్టేస్తోంది, అయినా ఆపట్లేదు. ఆ గీత మీదే ఒక్కసారి పరిగెత్తి చూసుకోవాలి. ఏదీ, ఇక్కడే ఉండేది కదా?"

"చెరిగిపోయినట్టుంది," అన్నాడు నార్బ్, ఆ మాట తన బూట్లకి చెప్పుకుని.

"మళ్లీ కొలవండి. అదే చోట."

నార్బ్ టేపు పరుచుకుంటూ పోయాడు. నూట ఇరవై దగ్గర బొటనవేలు ఆగింది. ఇక్కడ గీత కొడితే కుర్రాడు నవ్వుకుంటూ పోతాడు. స్టూలు ఉంటుంది. ఊళ్లో పేరు ఉంటుంది. ఆ బొటనవేలు అక్కడ ఎంతసేపుందంటే, ఒక సాలీడు దానికీ టేపుకీ గూడు అల్లడం మొదలెట్టింది. అప్పుడు నూట ఇరవై మూడు దాకా నడిచి గీత కొట్టాడు.

నార్బ్ వాచీ పట్టుకున్నాడు, టేవియన్ పరిగెత్తాడు. నలభై ఏడు. "ఇంకోసారి," అన్నాడు. నలభై ఎనిమిది. "ఇంకోసారి." ఈసారి నార్బ్ వాచీ మీట ముందే నొక్కేశాడు.

"నాలుగు ముప్ఫై తొమ్మిది," అన్నాడు.

"అబద్ధం చెప్పకండి. నా కాళ్లకి తెలియదా?" తొడ పట్టుకుని కుంటుకుంటూ మళ్లీ మొదటి గీత దగ్గరికి నడిచాడు. "నన్ను బుజ్జగించకండి. వాచీ సరిగా పట్టుకోండి."

కుర్రాడు వంగి వేళ్లు నేలకి ఆనించాడు. నార్బ్ వెళ్లి అతని ఎదురుగా, బాట మధ్యలో నిలబడ్డాడు.

"తప్పుకోండి."

"తప్పుకోను. ఇంకోసారి పరిగెత్తాలంటే నా మీంచి పోవాలి. లే. నీ కాళ్లలోంచి ఏమీ పోలేదు. నా టేపులోంచి పోయింది."

తెగిన చివర అతని చేతిలో పెట్టి చెప్పేశాడు. మూడడుగుల సంగతి, మార్చిలో కొలత సంగతి, గీత గీకేసిన సంగతి కూడా. టేవియన్ నేల మీద కూర్చుని టేపుని వేళ్లతో తడుముతూ విన్నాడు.

"అంటే ముప్ఫై ఆరు నేను ఎప్పుడూ పరిగెత్తలేదు."

"లేదు."

"మీకెప్పుడు తెలిసింది?"

"మే పదహారున."

"ఇవాళ జూలై పన్నెండు."

కుర్రాడు బాట పక్కన గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ముప్ఫై ఒక్కేళ్లలో తన గడ్డి ఒకరు పీకుతుంటే నార్బ్ ఊరుకున్నది అదొక్కసారే.

"రెండు నెలలు," అన్నాడు టేవియన్ చివరికి. "అద్దంలో నా కాళ్లు చూసుకుని తిట్టుకున్నాను, మిస్టర్ నార్బ్."

"జట్టుకి నేనే ఫోన్ చేసి చెప్తాను. తప్పు నాదని."

"ఏం చెప్తారు? నా నలభై ఏడు వాళ్లే కొలిచారు. తెలిసీ ఇంకా పంపెయ్యలేదు. మీరు ఆగస్టు దాకా నోరు మూసుకోండి, అదొక్కటి చెయ్యండి." లేచి ప్యాంటు దులుపుకున్నాడు. తొడకట్టు విప్పి జేబులో కుక్కాడు. "మీ ఆవిడ ఇంకా ఆ బంగాళాదుంప కూరిన పియెరోగీలు చేస్తారా?"

ఆ మధ్యాహ్నం అతను ముప్ఫై తొమ్మిది పియెరోగీలు తిన్నాడు. నలభయ్యోది జెనీవ్ వేయబోతే నార్బ్ గరిటె పట్టుకుని ఆపాడు, నలభై అనే లెక్క ఇక తను వినలేనని. జెనీవ్‌కి ఏమీ అర్థం కాలేదు. కుర్రాడు మాత్రం మొదటిసారి నవ్వాడు, కొంచెమే.

తర్వాత ఆరు వారాలు నార్బ్ నోరు మూసుకునే ఉన్నాడు. ఆయన జన్మలో అంత కష్టమైన పని లేదు. పక్కన ఎమెట్ దిండు గుడ్డకి రంగులు ఎంచుకుంటుంటే వినాలి. సన్నాహపు ఆటలు టీవీలో వస్తుంటే, టేవియన్ పరిగెత్తినప్పుడల్లా స్టూలు దిగి తలుపు దాకా పోయి వచ్చేవాడు.

కోతల మంగళవారం నాలుగు గంటలకి పేర్లు వచ్చాయి. యాభై మూడులో టేవియన్ రస్క్ లేడు. ఎమెట్ దిండు తీశాడు, నిజంగానే కుట్టించుకొచ్చాడు. వాండా అట్టలు దించబోతే రేపటి దాకా ఆగమని సగం మంది ఆపారు. మర్నాడు మధ్యాహ్నానికి ఇంకో కబురు: కోసినవాళ్లలో కొందరిని సాధన జట్టులో ఉంచుకున్నారు, అందులో అతను ఉన్నాడు. వారమంతా మిగతావాళ్లతో సాధన చేస్తాడు, ఎవరికైనా దెబ్బ తగిలితే పిలుపొస్తుంది.

"సాధన జట్టు లెక్కలోకి రాదు," అన్నాడు ఎమెట్.

"జీతమిస్తున్నారు, చొక్కా ఇచ్చారు. ఎందుకు రాదు?" అన్నారు సగం మంది.

బార్ రెండు ముక్కలైంది. నార్బ్ స్టూలు దిగాడు.

"ఎమెట్ చెప్పిందే నిజం. కుర్రాడు పరిగెత్తింది ముప్ఫై తొమ్మిది గజాలు. నేను తప్పు కొలిచాను."

నార్బ్ టేపు సంగతి అంతా చెప్పాడు. ఎమెట్ మొహం వెలిగిపోయింది. దిండు స్టూలు మీద పరిచాడు, ఒక కాలు ఎత్తాడు.

"తొమ్మిదేళ్లు గొప్పలు కొట్టావు కదరా. నూట ఇరవై మూడు మర్చిపోయేంతగా ఆ రోజు బుర్ర ఎక్కడ పెట్టావు?"

"నువ్వు నా చెవి దగ్గర నిలబడి ఉన్నావు," అన్నాడు నార్బ్. "మంచు కురుస్తోంది. బంతి విసిరే ఆ పొడుగు క్వార్టర్‌బ్యాక్‌ని మొదటి విడతలో తీసుకోకపోతే మన జట్టు గంగలో కలుస్తుందని అరుస్తున్నావు. నేను నీకు జవాబు చెప్తూ గీత కొట్టాను."

ఎమెట్ కాలు అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత కిందికి దిగింది. దిండు చంకలో పెట్టుకున్నాడు.

స్టూలు ఎవరిదో తేలలేదు. మొదటి ఆట నాటికి వాండా దాని మీద తన చేతిసంచి పెట్టుకుంది. ఇద్దరూ చెరో పక్కన నిలబడి చూశారు.

నవంబరులో ఎవరికో మోకాలు బెణికి టేవియన్‌ని పిలిచారు. తన జట్టు బంతిని ఎత్తుగా తన్నినప్పుడు పరిగెత్తి పోయి, దాన్ని అందుకున్న ఎదుటివాణ్ణి పడెయ్యాలి. పరిగెత్తాడు. ఇరవై, ముప్ఫై, నలభై గజాలు, అందరికంటే ముందు చేరి పడేశాడు. బార్ కప్పు ఎగిరి సరస్సులో పడిందని, వాండా పడవలో పోయి తెచ్చుకుందని అంటారు.

"నాలుగు నలభై ఏడుకి ఏం తక్కువ?" అన్నాడు ఎమెట్, తన మార్కు మర్చిపోయి.

నార్బ్ టీవీకి ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లాడు. కుర్రాణ్ణి చూడట్లేదు. అతని కాళ్ల కింద తెల్లగీతల్ని చూస్తున్నాడు.

"ఇవి ఎవడు కొలిచాడో," అన్నాడు.