సీటు ముందుకు జరిపిందెవరు

మార్కాపురంలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే రంగనాయకులుకు ఇద్దరు బిడ్డలని ఊరంతా అనుకుంటుంది. ఆయన భార్య సావిత్రి లెక్కలో మాత్రం ముగ్గురు. మూడోది వాకిట్లో గుడ్డ కప్పుకొని ఉండే పాత కారు. దాని తాళం ఇంకొకరు ముట్టుకోకూడదు. అల్లుడు అడిగినా సరే, "క్లచ్చు మొండిది నాయనా, నా కాలికే అలవాటు" అని తప్పించుకుంటాడు.

అలాంటి కారులో ఒకరోజు స్టీరింగు వెనక ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగింది. ఇక ఆరలేదు. రంగనాయకులుకు అన్నం సయించలేదు. బ్యాటరీ వైరు పీకి మళ్లీ తగిలించాడు. నిమ్మకాయలు తొక్కించాడు. ఏం చేసినా ఆరకపోయేసరికి సావిత్రి బొట్టుబిళ్లల్లోంచి ఒకటి తెచ్చి ఆ దీపం మీద అతికించాడు.

"జ్వరమొస్తే థర్మామీటరు దాచిపెట్టినట్టుంది మీ వైద్యం" అన్నది సావిత్రి. గిద్దలూరులో బంధువుల గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక తనే పట్టుబట్టి కారును రామసుబ్బయ్య మెకానిక్ షెడ్డుకు పట్టించింది.

రామసుబ్బయ్య స్కానరు తగిలించి చూశాడు. "బ్యాగు బాగానే ఉంది శెట్టిగారూ. డ్రైవరు సీటు బెల్టు వైరు సరిగ్గా తగలడం లేదని చూపిస్తాంది."

బ్యాటరీ విప్పి, వెంటనే చెయ్యి పెట్టకుండా ఆగాడు. "పేలే సామాను గదా. ఉన్న కరెంటు దిగిపోవాల." అంతసేపూ రంగనాయకులు ఆపరేషను గది బయట మనిషిలా అటూ ఇటూ తిరిగాడు.

సీటు కింద పసుప్పచ్చ ప్లగ్గు సగం ఊడి ఉంది.

"సీటు పదేపదే ముందుకూ వెనక్కూ జరిపితే వైరు లాగి ఇట్ల వదులైతాది. ఎవరు జరుపుతాండారు?"

"నేను తప్ప ఎవరూ నడపరే! నా పొడుగుకు సీటు కడాకు వెనక్కే ఉంటాది. కదిపిందే లేదు."

"మరి సీటు పట్టాల మీద ముందు దాకా కొత్త గీతలు పడినాయే. ఎవరో పొట్టి మనిషి నడుపుతాండారు."

రంగనాయకులు మెల్లగా భార్య వైపు తిరిగాడు. సావిత్రి గోడ మీది టైర్ల కంపెనీ క్యాలెండరును మహా శ్రద్ధగా చూస్తోంది.

"సావిత్రీ?"

"మధ్యాన్నం మీరు తాళం ఇంట్లో పెట్టి దుకాణంలో కునుకు తీస్తారు గదా. అప్పుడు పక్కింటి ఎలీషబా టీచరు నేర్పించింది. లైసెన్సు గూడా వచ్చింది."

ఆయన కారు వైపు చూశాడు. "మరి క్లచ్చు?" అన్నాడు.

"మెత్తగానే ఉంది. మీరే దాన్ని మొండిదంటారు."

రామసుబ్బయ్య నవ్వు దాచుకోవడానికి తలను మళ్లీ సీటు కిందకు దూర్చాడు.

"ఒక్క మాట నాకు చెప్పగూడదా?" అన్నాడు రంగనాయకులు, గొంతులో అలక దాగలేదు.

"చెప్తే తాళం ఇచ్చేవారా?"

ఆలోచించి చూసుకున్నాడు. ఇచ్చేవాడు కాదు.

ప్లగ్గు బిగించి, వైరు లాగకుండా కట్టి, బ్యాటరీ తగిలించి, రామసుబ్బయ్య స్కానరులో పాత తప్పు చెరిపేశాడు. బొట్టుబిళ్ల ఊడబీకి ఇంజను వేయగానే ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. రంగనాయకులు తాళం వైపు, భార్య వైపు చూసి, డ్రైవరు తలుపు ఆమె కోసం తెరిచి పట్టాడు. "ఏదీ, దారిలో బేస్తవారిపేట దాకా నడుపు. చూస్తా."

ఊరు దాటేదాకా ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "లారీ... లారీ వస్తాంది."

"నాకూ కండ్లుండాయి."

బేస్తవారిపేట వచ్చింది, వెనక్కు పోయింది. దిగమని ఆయన అనలేదు, ఆపుతానని ఆమె అనలేదు. మార్కాపురం చేరేసరికి రంగనాయకులు నోరు తెరుచుకొని హాయిగా గురక పెడుతున్నాడు.