ఏడుపు లేచేదాకా పాట

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అత్తగారు అంటుండేవారు. నా నోరు మంచిది కాదని నాకు తెలియజెప్పడానికే అనేవారు. ఆ నోటితోనే మూడేళ్లపాటు పక్కింటి మాస్టారితో పోట్లాడాను. ఆయనకు పోయేకాలం దగ్గరపడిందని తెలిసినప్పుడు కూడా నాకు ముందు వచ్చింది జాలి కాదు, ఒళ్లు మండింది. ఈయనకు ఈ శనివారమే దొరికిందా అనుకున్నాను. దేవుడు నన్ను ఏమన్నా అనుకోనీ, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

బందరులో మాకో పాటల గది ఉంది. ఒకప్పుడది ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల చెరువులు కృత్తివెన్ను వైపు పెరిగాక ఐసు వ్యాపారమూ అటే పోయింది. యజమాని యంత్రాలు ఊడదీసుకుని ఖాళీ గది మాకు అప్పగించాడు. మా ఆయన పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి కీబోర్డు వాయించిన మనిషి. వాయించిందే వాయించి విసుగెత్తిపోయి, ఒకే ఒక్క షరతుతో ఆ గది తెరిచాడు. ఎవరైనా వచ్చి పాడొచ్చు, సొంత పాట అయితేనే. సినిమా పాటకు అక్కడ చోటు లేదు.

ఆ మాట విని ఊరంతా నవ్వింది. సినిమా పాట లేకుండా నీ గదికి ఎవడొస్తాడమ్మా, దోమలు తప్ప, అని కోర్టులో నా తోటి గుమాస్తాలు నన్ను ఏడిపించుకు తిన్నారు. రానే వచ్చారు. చర్చిలో డ్రమ్ములు వాయించే కుర్రాళ్లు వచ్చారు. తెలుగులో ర్యాపు కట్టే ఇంజనీరింగు పిల్లలు వచ్చారు. గుడివాడ నుంచి గిటారు వీపున తగిలించుకుని ఒక బ్యాంకు ఉద్యోగి రైల్లో దిగేవాడు. వల లాగేటప్పుడు పాడుకునే పదాలకు తమ మాటలు కలిపి పాడతామని గిలకలదిండి నుంచి ఇద్దరు పెద్దవాళ్లు వచ్చేవారు. నెలకు రెండు శనివారాలు, సాయంత్రం ఆరింటికి మొదలు. వినడానికి దివిసీమ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ కాబట్టి అవనిగడ్డ ఆఖరి బస్సు అందేలా ముగించేవాళ్లం.

ఇక మాస్టారి సంగతి. ఐసు కరగకుండా ఉండాలని పాత రోజుల్లో రెండు గోడలు కట్టి మధ్యలో వరి ఊక దట్టించేవారు. చల్లదనాన్నే బయటికి పోనివ్వని గోడ చప్పుడును పోనిస్తుందా అని మా ధీమా. పక్కింట్లో ఉండే మాస్టారు, రిటైరైన లెక్కల మాస్టారు, మొదటి నెలలోనే వచ్చి నా పడగ్గదిలో మీ డ్రమ్ము మోగుతోందమ్మా అన్నారు. మోగదండీ, ఊక గోడ అన్నాను. మోగుతోందన్నారాయన. మీ చెవులు డాక్టరుకు చూపించుకోండి అన్నాను నేను. గోడలోనే కాదు, నీ బుర్రలో కూడా ఊకేనా అన్నారు. పోలీసులను కూడా పిలిపించారు. ఆ వచ్చిన పోలీసు మా గదిలో ఓ మూల కూర్చుని రెండు పాటలు విని వెళ్లాడు, అది వేరే సంగతి. మాస్టారు మాత్రం మూడేళ్లు వదల్లేదు, నేనూ తగ్గలేదు.

కిందటేడు పైకప్పు దగ్గర ఓ చెక్క ఊడి పడితే అసలు విషయం బయటపడింది. ఇన్నేళ్లలో ఊక కుంగిపోయింది. గోడ కింది సగంలోనే ఉంది, పైనంతా డొల్ల. మాస్టారి మంచం సరిగ్గా ఆ గోడకు అవతల ఉంది. మేం వాయించిన ప్రతి దరువూ మూడేళ్లుగా ఆయన నెత్తిమీదే పడుతోందన్నమాట. మా ఆయన వెళ్లి ఒప్పుకుని వచ్చాడు. పైనుంచి కొత్త ఊక కూరగలిగినంత కూరాం. చప్పుడు తగ్గిందిగానీ పూర్తిగా పోలేదు.

మా గదికి వచ్చే పాటగాళ్లలో ఒకమ్మాయి ఉంది. నాగాయలంక దగ్గర పల్లె వాళ్లది. గుడివాడలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్తుంది. రేవు దాటే పంటు మీద, ఉప్పు తేలిన మడి మీద, బడి వ్యానులో నిద్రపోయే పిల్లల మీద తనే పాటలు కట్టి పాడుతుంది. నన్ను అక్కా అంటుంది. పైకి వెళ్లేకొద్దీ సన్నబడిపోయే గొంతులు నేను చాలా విన్నాను. ఈమె గొంతు పైకి వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. మా ఆయన లాంటి అనుభవస్తుడు కూడా ఆమె పై స్థాయి అందుకున్నప్పుడు వాయించడం మరిచిపోయి అలా చూస్తూండిపోయేవాడు. అయితే ఆమెతో ఒక చిక్కు. ఖాళీ గదిలో మైకు పెట్టి పాడమంటే పాడలేదు. ఎదురుగా మనుషులుంటేనే ఆమెకు పాట వస్తుంది. అందుకని ఆమె పాటలు ఎవరో ఫోనులో తీసిన ముక్కలుగా తప్ప సరిగ్గా ఎక్కడా రికార్డు కాలేదు.

సంక్రాంతి వెళ్లిన కొత్తలో ఆమె గొంతు దగ్గర గడ్డ కనిపించింది. విజయవాడ డాక్టరు చూసి ఆపరేషన్ తప్పదన్నారు. గొంతుకు వెళ్లే నరం ఆ గడ్డను ఆనుకునే ఉందట. మాట వస్తుందమ్మా, పాటకు మాత్రం నేను హామీ ఇవ్వలేను అని ఆయన ముఖం మీదే చెప్పారు. ఆదివారం పొద్దున్నే వచ్చి ఆసుపత్రిలో చేరమన్నారు. దాంతో ముందురోజు, శనివారం సాయంత్రం, మా గదిలో ఆమె ఒక్కతే అయిదు పాటలు పాడేటట్టు, మా ఆయన మంచి మైకులు పెట్టి రికార్డు చేసేటట్టు అనుకున్నాం. ఆ గొంతును దాచుకోవడానికి మాకున్నది ఆ ఒక్క పూటే.

శుక్రవారం మాస్టారిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు. ఇంక ఇంటికి తీసుకెళ్లండి అన్నారంటే దాని అర్థం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మా వీధిలో మనిషి పోతే శవం లేచేదాకా టీవీ కూడా పెట్టరు. ఎంత నోరుగలదాన్నయినా ఆ మర్యాద నేనూ తప్పను. పోనీ ఇంకో చోట పెట్టుకుందామంటే అది మాఘమాసం, ఊళ్లో ఉన్న హాళ్లన్నిట్లోనూ పెళ్లిళ్లే.

శనివారం పొద్దున వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు మంచం మీద ఇంతే అయిపోయి ఉన్నారు. ఊపిరి తీసుకుంటున్నప్పుడల్లా గొంతులో గురక చప్పుడు. ఆయన భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, దూది నీళ్లలో ముంచి ఆయన పెదాలు తడుపుతోంది. ఎలా ఉందండీ అని అడిగాను. ఆవిడ తల తిప్పకుండానే అంది.

"ఎంతసేపుంటాడో కనుక్కుందామని వచ్చావా అమ్మా?"

ఇంకెవరైనా అయితే ఎదురు తిరిగేదాన్ని. ఆవిడ ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. అవునండీ అని, ఆ అమ్మాయి సంగతీ, గడ్డ సంగతీ, రేపటి ఆసుపత్రి సంగతీ అన్నీ గబగబా చెప్పేశాను. చెప్తుంటే నాకే అసహ్యమేసింది. ఒక మనిషి ప్రాణం పోతుంటే పక్కన నిలబడి మా పాటల గోడు చెప్పుకోవడమేమిటి! ఆవిడ అంతా విని, ఎన్నింటికి మొదలుపెడతారని మాత్రం అడిగింది. ఆరింటికన్నాను. సరే వెళ్లు అంది.

మా ఆయన మానేద్దామన్నాడు. ఆ అమ్మాయి మధ్యాహ్నానికే గుడివాడ నుంచి వచ్చేసి గదిలో ఓ మూల కూర్చుని ఉంది. ఏడవలేదు, బతిమాలలేదు. కాసేపటికి, "బావగారూ, ఏడుపు వినబడితే పదం మధ్యలోనైనా ఆపేస్తాను. అప్పటిదాకా పాడనివ్వండి," అంది. ఏడుపు లేచేదాకా వీధికి తెలియనట్టే లెక్క, లేచాక ఒక్క అక్షరం కూడా పాడకూడదు, అన్నాడు మా ఆయన. అలా ఒప్పందం కుదిరింది. డ్రమ్ము వద్దనుకున్నాం, స్పీకర్లు కట్టేశాం. కీబోర్డు సన్నగా, గొంతు ఎంత ఉంటే అంత, అంతే. ఏడుపు వినబడాలని వీధి తలుపు తెరిచే ఉంచాం.

జనం వచ్చారు. ఒక్కొక్కరికీ గుమ్మంలోనే సంగతి చెప్పాను. చప్పట్లు కొట్టొద్దన్నాను. ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చన్నాను. ఒక్కరూ వెళ్లలేదు. చాపల మీద దగ్గర దగ్గరగా సర్దుకుని, చెప్పులు ఒళ్లో పెట్టుకుని మరీ కూర్చున్నారు. ఆరు దాటిన కాసేపటికి ఆమె మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆ సాయంత్రం నేను పాట సరిగ్గా వినలేదు. ఒక చెవి ఇటు, ఒక చెవి అటు. పాట అయిపోగానే చప్పట్లకు బదులు గదంతా ఊపిరి బిగబట్టి పక్కింటి వైపు వినేది. ఏమీ లేదని తేలాక ఆమె ఇంకోటి అందుకునేది. వీధిలో ఓ కారు ఆగింది. ఉయ్యూరు నుంచి మాస్టారి చుట్టాలు కాబోలు, దిగి లోపలికి వెళ్లారు. ఇంకో ఆటో వచ్చింది, వాళ్లూ వెళ్లారు. వెళ్లినవాళ్లెవరూ మళ్లీ బయటికి రాలేదు. ఇల్లు మాత్రం నిశ్శబ్దంగానే ఉంది. ఉండండి మాస్టారూ, ఇంకాసేపు ఉండండి, అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. మూడేళ్లలో ఆయన బాగుండాలని నేను కోరుకోవడం అదే మొదలు, అది కూడా నా స్వార్థానికి.

మూడో పాట చరణంలో ఉండగా గోడవతల ఖంగుమని చప్పుడైంది. ఆమె పదం మధ్యలో ఆగిపోయింది. మా ఆయన చేతులు కీబోర్డు మీద గాలిలోనే ఉండిపోయాయి. అయిపోయిందనుకున్నాను. ఎవరూ కదల్లేదు. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె పిల్ల మూలగకుండా నోటికి కొంగు అడ్డం పెట్టింది. ఎంతసేపు చూసినా ఏడుపు రాలేదు. పాడే అమ్మాయి కళ్లు తుడుచుకుని ఆ చరణం మళ్లీ మొదటి నుంచి అందుకుంది.

అయిదో పాట రేవు పాట. అందులో చివర పై స్థాయికి వెళ్లి అక్కడే నిలవాలి. ఆమె వెళ్లింది, నిలిచింది. నేను వీధి సంగతి మరిచిపోయి అటు తిరిగాను. గొంతు మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని, ఇంక దిగడం ఇష్టం లేనట్టు ఆ పైనే ఉంది. తర్వాత మెల్లగా దిగింది. మా ఆయన ఆఖరి స్వరం వదిలి రికార్డింగు ఆపేశాడు.

అప్పుడు లేచింది ఏడుపు. ఒక గొంతు, వెంటనే ఇంకో నాలుగు గొంతులు.

మహానుభావుడు, పాటయ్యేదాకా ఆగాడు అన్నారెవరో వెనకనుంచి. అందరూ తలూపారు. నేనూ నమ్మాను. ఆ అమ్మాయి నన్ను పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తనను బస్సెక్కించి రమ్మని మా ఆయనకు చెప్పాను. ఆమె సంగతి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాతది చెప్పాక ఇంకేమీ చెప్పలేను. ఆపరేషన్ బాగానే జరిగింది. మాట వచ్చింది. కొన్నాళ్లకు పాటా వచ్చింది, కింది స్థాయి వరకే. పైకి వెళ్లే ఆ గొంతు ఇంక రాలేదు. అది ఆ శనివారం రికార్డులో తప్ప ఇంకెక్కడా లేదు.

గది తాళం వేసి పక్కింటికి వెళ్లాను. మాస్టారిని ముందు గదిలో దక్షిణం తలాపిగా పడుకోబెట్టారు. కాళ్లకు దణ్ణం పెట్టుకుందామని వంగి, పాదాల మీద చేతులు వేశాను. చల్లబడిపోయి ఉన్నాయి. ఇప్పుడే పోయిన మనిషి పాదాలు కావవి. మా మామగారు పోయినప్పుడు దగ్గరే ఉన్నాను, నాకు తెలుసు. తలెత్తి చూశాను. బొటనవేళ్లు రెండూ కలిపి కట్టేసి ఉన్నాయి. తలదగ్గర దీపంలో నూనె అడుగంటింది. ఎవరో మళ్లీ పోస్తున్నారు.

పిన్నిగారు ఆయన తలదగ్గర కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూలబడ్డాను. ఎప్పుడండీ అని అడిగాను. చుట్టూ ఆడవాళ్లు ఏడుస్తున్నారు, నా మాట ఆవిడకు వినబడిందో లేదో అనుకున్నాను.

"ఆరు కాకముందే," అంది ఆవిడ. "మీ గదిలోకి జనం వెళ్తూనే ఉన్నారు. కోడలు గొంతెత్తబోతే నోరు మూశాను. వచ్చినవాళ్లందరికీ గుమ్మంలోనే చెప్పాను, చప్పుడు చెయ్యొద్దని. మధ్యలో చెంబు నా చేతిలోంచే జారింది. పాపం, ఆ పిల్ల బెదిరిపోయినట్టుంది."

మా వైపు ఇలా ఏడుపు ఆపుకోవడం కొత్తేమీ కాదు. ఇంట్లో పిల్లలు అన్నాలు తినేదాకా, పాలేరు గేదెల పాలు పితికేదాకా ఆపుకున్నవాళ్లను చూశాను. పొరుగింటి పాట కోసం, అందులోనూ మా పాట కోసం ఆపుకున్నవాళ్లను చూడలేదు, వినలేదు. ఎందుకండీ అన్నాను.

"ఆ పిల్లకి ఈ పూటే ఉందన్నావు గదమ్మా. నాకు ఏడవటానికి బోలెడన్ని రోజులున్నాయి."

అలా అని ఆయన నుదుటి మీద వెంట్రుకలు సర్దింది. అప్పుడు లేచింది నా గొంతు. మూడేళ్లు ఆయన్ని తిట్టిన గొంతుతో వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చాను. ఈసారి ఆవిడ ఎవరి నోరూ మూయలేదు.