మావయ్య మూతి చుట్టిన ఫోటో

ఫోటో అంటే ఊపిరి బిగబట్టి నిలబడడమేనని ఇక్కడి మా తెలుగువాళ్ళంతా గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడు యాంగోన్‌లో పసిపిల్లలు కూడా ఎవరైనా ఫోన్ ఎత్తగానే మెడ వంచి, కళ్ళు మెరిపించి, అద్దం ముందు సాధన చేసినట్టు నవ్వేస్తున్నారు. ఆ రోజుల్లో మా సంచౌంగ్ పేట ఇళ్ళ గోడల మీది పెద్దలందరిదీ ఒకటే ముఖం. బతికున్నవాళ్ళెవరో, పోయినవాళ్ళెవరో దండ ఉంటే తప్ప తెలిసేది కాదు. నేను అప్పుడే ఒక దినపత్రికలో ఫోటోగ్రాఫర్‌గా చేరాను. రిబ్బన్లు కత్తిరించే చేతుల్నీ, పూలగుత్తులు అందుకునే చేతుల్నీ తీసి తీసి విసుగెత్తి, ముఖాల మీద పడ్డాను. ముఖంలో మనసు కనబడాలని ఎక్కడో చదివి ఇంట్లో అందరికీ పాఠాలు మొదలుపెట్టాను. "ఎక్స్‌ప్రెషన్ రావాలమ్మా" అని వంటింట్లో కెమెరా పట్టుకు నిలబడితే, "ఉల్లిపాయలు తరుగుతన్నాను కదరా, అదే వస్తాది" అనేది అమ్మ.

ఆ ఇంట్లోనే మా క్రేన్ మావయ్య ఉండేవాడు. (అమ్మకు తమ్ముడు. సేక్కాన్ రేవులో క్రేన్ నడిపేవాడు గనక ఆ పేరు.) కబుర్లు చెబుతున్నప్పుడు బంగారంలాంటి ముఖం. కెమెరా కనబడిందా, పన్ను పీకించుకోవడానికి కూర్చున్నవాడే. బజారు పక్క స్టూడియోలో తీయించిన ఫోటో చూసి ఒక సంబంధం, దాని వెనకే ఇంకొకటి, చప్పుడు లేకుండా తప్పుకున్నాయి. "పోలీసు టేసన్లో అంటించే పోటోలాగున్నాది, ఎవులిస్తారు పిల్లని?" అని అమ్మ దిగులు. అప్పటికి మావయ్యకు ముప్పై దాటాయి. ఈలోగా చిమిండైంగ్ పేట నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్లను మావయ్య ఏదో పెళ్ళిలో దూరం నుంచి చూశాడట. నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి, "ఒరే అల్లుడూ, ఈపాలి తప్పిపోతే నాను మరి పెళ్ళి మాటెత్తను. నువ్వే తియ్యి" అన్నాడు.

తీశాను. కిటికీ వెలుగు పక్క నుంచి పడితే గాంభీర్యం వస్తుందనుకున్నాను. గోడ దూకబోయే దొంగ వచ్చాడు. "పిల్లను తలుచుకో మావయ్యా" అంటే సిగ్గుతో కళ్ళు మూసేశాడు. "నవ్వు" అంటే డాక్టరుకు చూపించినట్టు పళ్ళు చూపించాడు. చివరికి ఇద్దరం విసిగి, వీధి మొగలో టీ దుకాణంలో పొట్టి ప్లాస్టిక్ పీటల మీద కూలబడ్డాం. (మా ఊరు ఎరగనివారికి ఒక మాట చెప్పాలి. ఇక్కడి టీ దుకాణాల్లో సర్వర్‌ని పిలవాలంటే మూతి సున్నాలా చుట్టి, పిల్లిపిల్లను పిలిచినట్టు 'ముచ్ ముచ్' అంటారు. పెద్దమనుషులూ, పంతుళ్ళూ అందరూ అంతే. అందులో తప్పూ లేదు, శృంగారమూ లేదు.) దుకాణం కిటకిటలాడుతోంది. సర్వర్ ఇటు చూడడు, మావయ్య పిలవడం మానడు. ఆ కళ్ళలో ఆశ, దూరపు చూపు, కాస్త బెంగ! కెమెరాను పూర్తిగా మరిచిపోయిన ముఖం! టక్కున నొక్కేశాను.

ఆఫీసు డార్క్‌రూంలో ఆ ముఖం కాగితం మీద మెల్లగా తేలుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మూతి కనబడలేదా అంటే కనబడింది. చెప్పలేని మాటేదో పెదవుల దాకా వచ్చి ఆగిందనుకున్నాను. (చదివిన చదువు అలాంటిది.) పెద్ద ప్రింటు వేసి, కవరులో పెట్టి, సరాసరి సంబంధాలత్త చేతికిచ్చేశాను. రెండు వైపులా మాట నడిపే ఆ దూరపు బంధువు వంశాలు చూసేదిగానీ ఫోటోలు చూసేది కాదు.

మర్నాడే అందర్నీ రమ్మని కబురొచ్చింది. శుభమే అనుకుని మావయ్య కొత్త లుంగీ కట్టాడు. (ఇక్కడ పండక్కైనా పెళ్ళికైనా అదే.) తీరా వెళితే, పిల్ల మామ్మ గుమ్మంలోనే ఫోటో ఎత్తి పట్టుకుంది.

"ఏటిది బాబూ? పిల్లని ఇంకా సూడనేదు, అప్పుడే ముద్దులేటి?"

మావయ్య ఆ ఫోటో చూడడం అదే మొదలు. అమ్మ నా వైపు తిరిగింది. (అలాంటి ఎక్స్‌ప్రెషన్ మళ్ళీ దొరకదు, కానీ కెమెరా బయటికి తీసే ధైర్యం చాలలేదు.)

"అది ఎక్స్‌ప్రెషనండీ మామ్మగారూ" అన్నాను.

"అలాటియి మా ఇంట్లో పెళ్ళయ్యాకే సేస్తారు."

పిల్ల తండ్రి మర్యాదస్తుడు. "వచ్చారు గనక టీ తాగి ఎల్లండి" అన్నాడు. అంటే ఇదీ పోయినట్టే. మావయ్య చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. టీ పళ్ళెం పట్టుకుని పిల్ల వచ్చింది. వాళ్ళు నడిపేదీ టీ దుకాణమే, మామ్మ అటు అడుగే పెట్టదు. తండ్రి లోపల పొయ్యి దగ్గర ఉంటాడు, పిలుపు వినడమే తప్ప ఆ మూతులు ఎన్నడూ చూడడు. గల్లాపెట్టె దగ్గర కూర్చునే పిల్లకు పొద్దస్తమానం ఎదురుగా కనబడేవి అవే. పళ్ళెం దించి, మామ్మ చేతిలోంచి ఫోటో తీసుకుని చూసి, చెంపల మీద ఆరిన తనకా గంధం పగిలేలా నవ్వింది.

"ముద్దేటి మామ్మా! లపెయేకి పిలుస్తన్నాడు, టీకి!" అని మావయ్య వైపు తిరిగింది. "సానాసేపు రానేదేటండి?"

"రానేదండి" అన్నాడు మావయ్య తలెత్తకుండా. "ఆకరికి సల్లారిందే తెచ్చాడు."

"మరి బల్ల బాదలేదేటి?"

"ఆడొక్కడే కదండీ. ఎన్ని బల్లలకని తిరుగుతాడు?"

ఆ పిల్ల ఫోటోను మళ్ళీ చూసింది, ఈసారి నవ్వకుండా. "గ్లాసుతో బల్ల బాదినోళ్ళనే రోజూ సూస్తన్నాను నాన్నా. ఈయన కూకుని పిలుస్తన్నాడు" అంది. తండ్రి కాసేపు గడ్డం గోక్కుని, "అయితే ఇంకో టీ పొయ్యి" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మామ్మ మాత్రం నన్ను వదల్లేదు. "పెళ్ళికి రండి. ఈ గుంటడి సేతికి మాత్రం కెమెరా ఇవ్వకండి."

ఇవ్వలేదు. పెళ్ళి ఫోటోలు ఇంకెవరో తీశారు. ప్రతి పేజీలోనూ మావయ్య కొయ్యబొమ్మే. ఆ పిల్లే ఇప్పుడు మా అత్త, ఆ ఆల్బం ఎవరికీ చూపించదు. నేను తీసిన ఫోటో మాత్రం ఫ్రేము కట్టించి ముందుగదిలో పెట్టింది. వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే, కథ చెప్పే పని ఆమెది, తల వంచుకునే పని మావయ్యది. నేను వలపు చూసిన చోట ఆమె టీ చూసింది, ఆ టీ కోసం కూర్చున్న మనిషినీ చూసింది. ఈమధ్య కుర్ర ఫోటోగ్రాఫర్లు కొందరు నా దగ్గరికొచ్చి, ముఖంలో భావం ఎలా రప్పించాలని అడుగుతుంటారు. "టీ చెప్పండి, అది కాస్త ఆలస్యంగా వస్తే చాలు" అంటాను. హాస్యమనుకుని నవ్వుతారు. డార్క్‌రూంలో ఆ మూతి చూసి పులకరించిపోయిన కుర్రాణ్ణి తలుచుకుని, నేనూ వాళ్ళతో కలిసి నవ్వేస్తాను.