గొంతు కదిలేదాకా

చిట్టీ, నువ్వు పోయావన్న మాట కిరాణం కొట్టు ఫోనుకు వచ్చింది. ఆదివారం ప్రార్థనకు బయలుదేరబోతున్నాను. ఫోనొస్తే రోడ్డు మీదినుంచే కేకేసే కొట్టాయన ఆ రోజు ఇంటిదాకా నడిచొచ్చి, చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆయన నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

చదివేవాళ్ళకు చెప్పాలి. చిట్టి నా బిడ్డ. ములకలపల్లి అవతల అడవి పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. ఒకనాడు ఆటో బోల్తాపడి తలకు దెబ్బ తగిలింది. ఖమ్మం దవాఖానాలో ప్రాణం నిలబెట్టారు గాని కాలూ చెయ్యీ మాటా వెనకబడ్డాయి. అక్కడినుంచి సిస్టర్లు నడిపే హోంకు పంపించారు. మంచం పట్టినవాళ్ళను చూసుకుని, మెల్లగా లేపి కూర్చోబెట్టే చోటు అది. ఏడాదిన్నర అక్కడే ఉంది. ఈ వానల్లో జ్వరమొచ్చి, ఛాతీలో నెమ్ము చేరి పోయింది.

మట్టి చేసి వచ్చినరోజు మా ఆడబిడ్డ నా పక్కన కూర్చుని అడిగింది.

"వదినే, గక్కడ మంచిగ చూసిన్రా, ఊకె పండబెట్టిన్రా?"

నేను లేచి ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాను. వచ్చినవాళ్ళందరి మనసులోనూ అదే ఉందని తెలుసు. అందుకే ఇది రాస్తున్నా. ఐదో తరగతిదాకే చదివాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను ముదిగొండ వైపు మిర్చి కల్లాల్లో కూలికి పోయేదాన్ని. ఎండబోసిన కాయ పైకి ఎర్రగా మెరుస్తుంటుంది. చెయ్యి అడుక్కి పెట్టి చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. తిరగేయని చోట చెమ్మ పట్టి బూజు వస్తుంది. హోంను కూడా అట్లాగే చూశాను. మెరిసే బండలూ పూలకుండీలూ చూడలేదు. పోయిన ప్రతిసారీ ముందు చిట్టి వీపు కిందికి చెయ్యి పోనిచ్చేదాన్ని. పొడిగా ఉండేది. మడమలు నున్నగా ఉండేవి. రెండు గంటలకోసారి పక్క మార్చేవారు. ఒక్క ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం దుప్పటి తడిసి ఉంది, గంట కొడితే చాలాసేపు ఎవరూ రాలేదు. ఉన్న ఇద్దరు ఆయాల్లో ఒకామె ఆ రోజు రాలేదట. అది కూడా రాయాలి, రాయకుంటే మిగతాది ఎవరూ నమ్మరు.

తిండి దగ్గరే నాకు అనుమానం వచ్చింది. పలచని జావ, మెత్తగా నూరిన అన్నం, అదీ చిన్న చెంచాతో. బిడ్డ రోజురోజుకూ చిక్కిపోతోంది. కడుపు మాడుస్తున్నారు, ఇంటికి తీసుకుపోతానని సిస్టరుతో అనేశాను. గొంతు ఇంకా సరిగ్గా మింగడంలేదని ఆమె నిదానంగా చెప్పింది. మింగకపోవడమేమిటి, తల్లి చేతి ముద్ద ఇస్తే తెలుస్తుందిలే అనుకున్నాను.

మర్నాడు పప్పన్నంలో నెయ్యి కలిపి, టిఫిన్ గిన్నెలో పెట్టి, కొంగు కప్పి లోపలికి తీసుకుపోయాను. చిట్టి చూసి నవ్వింది. పడుకున్నదాని నోట్లోనే ముద్ద పెట్టాను. మొదటిది లోపలికి పోయింది. రెండోదానికి దగ్గు మొదలైంది. ముఖం నల్లబడింది. సిస్టరు పరుగున వచ్చి లేపి కూర్చోబెట్టి, వీపు తట్టి, నోట్లోది తీసింది. నాలుగు రోజులు జ్వరం. ఆ నాలుగు రోజులూ నేను వరండాలో కూర్చున్నాను. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

జ్వరం తగ్గాక చిట్టి నా చెయ్యి పట్టుకుంది. ఒక్కో మాటా ఎక్కడో దూరంనుంచి నడిచొచ్చినట్టు వచ్చింది.

"అమ్మా... గట్ల కాదే. నేర్చుకోరాదే."

నేర్చుకున్నాను. వీపు నిటారుగా కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి దించాలి. అర చెంచా. గొంతు కదిలేదాకా చూడాలి, అప్పుడే రెండో చెంచా. ఒక గిన్నె జావకు ఎంత పొద్దు పోయేదో. కిటికీ పరదా గాలికి ఉబ్బుతూ, తగ్గుతూ ఉండేది. చిట్టి నా చెయ్యి వాసన చూసి "మిర్చి" అని నవ్వేది. ఆ గదిలో నాకు తన అంగన్‌వాడీ కనిపించేది. దెబ్బ తగలకముందు ఒకసారి అక్కడికి పోయి చూశాను. పిల్లలు వరసగా కూర్చున్నారు, కోయ పిల్లలూ మనోళ్ళూ. వాళ్ళ మాట వాళ్ళకు, మన మాట మనోళ్ళకు చెబుతూ ఒక్కొక్కరి ముందూ కూర్చుని తినిపిస్తోంది. "నమిలినంకనే ఇంకోటి" అనేది. బిడ్డా, నువ్వు వాళ్ళకు చెప్పినదే నేను ముసలితనంలో నేర్చుకున్నాను.

ఈ వానల్లో జ్వరం వచ్చినప్పుడు ఆనాటి నా ముద్దవల్లనే అని లోలోపల ఏడ్చాను. అది నిరుటి మాట అమ్మా, దీనికి దానికి సంబంధం లేదు అని సిస్టరు అంది. నమ్మిన రోజు ఉంది, నమ్మని రోజు ఉంది.

ఆడబిడ్డకు నా జవాబు ఇది. మంచిగ చూసిన్రు వదినే. నేను చూడలేనంత మంచిగ.

మొన్న చిట్టి బట్టలు తెచ్చుకోవడానికి హోంకు పోయాను. అన్నాల వేళ. చిట్టి మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. పక్క మంచం పెద్దమ్మ ముందు జావ గిన్నె ఉంది, ఆయా అవతలి వరసలో ఉంది. చేతులు కడుక్కుని కూర్చున్నాను. గడ్డం దించి అర చెంచా పెట్టాను. పరదా ఉబ్బింది. పెద్దమ్మ గొంతు కదిలేదాకా చూస్తుంటే, ఆ గొంతు మీద నా బిడ్డ చూపు కూడా ఉన్నట్టే ఉంది.

ఇంతే. మీరు వేళకు అన్నం తినండి. నిదానంగా, కడుపునిండా తినండి.