మగ్గం మీది దీపం

ధర్మవరంలో మా ఇంటి మగ్గం గదిలో పగలు కూడా దీపం కావాలి. ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుకని, మనిషి కదలికను బట్టి అక్కడి దీపం దానంతటదే వెలిగి ఆరే ఏర్పాటు చేశాను. గోడకు బిగించిన చిన్న పెట్టె కదలికను పసిగట్టి, తీగ లేకుండానే స్విచ్చికి కబురు పంపేది. మిగతా వేళల్లో నిద్రపోయేది కనుక రెండు పెన్సిల్ సెల్లులతో నెలలు నడిచేది. ఇంట్లో పనిచేస్తేనే కాలేజీలో దాని గురించి నోరు విప్పగలననిపించేది.

మొదటిరోజే నాయన నేస్తుంటే పట్టుపోగు తెగింది. మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని కదలకుండా కూర్చుని, వేళ్లతో ముడి వేస్తుండగా దీపం ఆరిపోయింది. పోగు చేజారింది.

"ఏం పాపా, నీ పెట్టెకి నేను సచ్చిపోయినట్లు కనపడతాండానా? పీకి పారెయ్."

"ఒక్క దినం ఆగు నాయనా" అన్నాను మెల్లగా.

ఆ సాయంత్రం ఆయన కూర్చునే పలక కింద, బరువు పడితే కబురు పంపే బిళ్ల ఒకటి అమర్చాను. మరునాడు పోగు తెగినా దీపం ఆరలేదు. అన్నానికి లేచినప్పుడు ఆరింది, వచ్చి కూర్చోగానే వెలిగింది.

నాయన తలెత్తి చూశాడు. "ఇప్పుడు తెలిసిందిలే దానికి, నేను ఈడే ఉండానని."

పెట్టెను పీకమని మళ్లీ అనలేదు.