ఆళ్లగడ్డకు మూడోసారి, టీచరమ్మతో

ఆళ్లగడ్డకు ఇది నా మూడో ప్రయాణం. మొదటి రెండుసార్లూ ఒడిలో మట్టిబొమ్మ పెట్టుకుని వెళ్లి, అదే బొమ్మతో తిరిగొచ్చాను. మా ఊరి బడిలో పాఠాలు చెప్పిన రంగమ్మ టీచర్ విగ్రహానికి నమూనా అది. ఆవిడ పోయాక పాత విద్యార్థులంతా కలిసి బడి ముందు రాతి విగ్రహం పెట్టాలనుకున్నారు. బొమ్మలు చేస్తానని నమూనా పని నాకు అప్పగించారు. అందరికీ నచ్చింది. ముక్కు దగ్గర నాకే నచ్చలేదు. ఫొటోలో ఒకలా, నా జ్ఞాపకంలో ఇంకోలా ఉంటుంది. ఏడాదిగా దాన్ని తీస్తూ, పెడుతూ, చివరికి నా చేతులంటే నాకే విసుగు పుట్టింది. ఈసారి ఇవ్వకపోతే విగ్రహానికి ఉంచిన రాయి వేరే పనికి పోతుందని ఆళ్లగడ్డ శిల్పి ఫోనులో తేల్చి చెప్పాడు.

ఏడున్నరకు నంద్యాల బస్టాండు చేరాను. పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. బాగానే ఉన్నాయి, నాకే సహించలేదు. ఆళ్లగడ్డకు బస్సులు తరచుగా ఉంటాయి, కడప వైపు పోయేవేవైనా ఎక్కవచ్చు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. ఎనిమిదింటి పల్లెవెలుగులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు దాటగానే బొమ్మ మీది తడిగుడ్డ విప్పి, తలపిన్నుతో మళ్లీ ముక్కు సవరించడం మొదలుపెట్టాను. కుదుపుల బస్సులో ఆ పని చేసే తెలివి నాకొక్కదానికే ఉంటుంది.

పక్కనున్న పెద్దావిడ కాళ్ల దగ్గర వంకాయల సంచి పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏ అమ్మవారు మ్మా?"

"అమ్మవారు కాదక్కా, టీచరు."

ఆవిడ వంగి చూసింది. చూసి, గబుక్కున కొంగు సర్దుకుంది. "రంగమ్మ టీచరు గదా! మా శిరివెళ్ల బళ్లో శానా దినాలుండె. యాడ ఎక్కాలడుగుతాదో అని ఇప్పుడూ భయమైతాంది నాకు."

బొమ్మను ఆవిడ వైపు తిప్పాను. ఆ మాటే అడిగేశాను. "ముక్కు ఇట్లే ఉండెనా అక్కా?"

"ముక్కెవురు సూసినారు? మేమంతా ఆ చెయ్యి దిక్కే సూస్తాంటిమి. దెబ్బ పడేది ఆడ్నించే గదా!" అని నవ్వింది. బొమ్మ వేళ్లను తన వేలితో తాకింది. "మధ్యాన్నం నాకు అన్నం కలిపి పెట్టింది గూడా ఈ చెయ్యే మ్మా."

కళ్లు తుడుచుకుంటూ శిరివెళ్ల మెట్టలో దిగిపోయింది. సుద్దముక్క పట్టుకున్న ఆ చేతిని నేను ఒక్క సాయంత్రంలో చేసేశాను, మళ్లీ ముట్టుకోలేదు. నవ్వొచ్చింది, ముక్కు మీద పోగొట్టుకున్న ఏడాది తలుచుకుంటే ఒళ్లూ మండింది. పిన్ను జడలో పెట్టేసుకున్నాను.

తొమ్మిది దాటాక ఆళ్లగడ్డలో దిగి, ఆటోలో శిల్పుల షెడ్లకు వెళ్లాను. రాతి దుమ్ము, కోత మిషన్ల రొద. వెళ్లేవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది. మా శిల్పి మిషను ఆపి, నా మొహం చూడగానే పసిగట్టాడు.

"మళ్లా తీసకపోతావా, ఈడ పెడతావా? ఏందో ఒకటి చెప్పు మ్మా, రాయి కాసుకోనుండాది."

రెండు రోజులు టైమివ్వమని అడగాలనుకున్నాను, నోటిదాకా వచ్చింది కూడా. బొమ్మను బల్ల మీద పెట్టాను.

"మార్చేదేమన్నా ఉండాదా?" అడిగాడు శిల్పి.

"చెయ్యి మాత్రం మార్చొద్దప్పా," అన్నాను. ముక్కు సంగతి ఎత్తలేదు.

బస్టాండు దగ్గర కడుపునిండా భోజనం చేసి, పన్నెండింటికి తిరుగు బస్సెక్కాను. ఒడి ఖాళీగా ఉంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. శిరివెళ్ల మెట్టలో బస్సు ఆగింది. ఇక్కడ దిగి ఆళ్లగడ్డ బస్సెక్కితే అరగంటలో షెడ్డుకు చేరొచ్చు, ఇంకా రాయి మొదలుపెట్టి ఉండడు. తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"ఈడ దిగుతావా మ్మా?" కండక్టరు అడిగాడు.

"లేదన్నా, నంద్యాలే," అని కూర్చున్నాను.

బస్సు కదిలింది. ముక్కు తేడాగానే రావచ్చు. కానీ ఈసారి బడి ముందుకు టీచరమ్మ వస్తుంది.